కొని, బాగుచేసి, అమ్మే కొలువు

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం మా అన్నయ్య లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో 13 ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ట్రైనీగా చేరి ప్రొడక్షన్ హెడ్ దాకా వచ్చాడు. మా చుట్టాల్లో ఎవరి ప్రింటర్ మొరాయించినా, ఎవరి ఆధార్‌లో పేరు తప్పు పడినా నా దగ్గరికే వస్తారు. ఇదీ అలాంటిదే అనుకున్నా.

"ఒరేయ్, నా రెజ్యూమె కాస్త చూడరా" అన్నాడు. పదమూడేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

సంగతేంటంటే, ఆ ఫ్యాక్టరీ పెట్టిన కుటుంబం మెజారిటీ వాటాని ఒక ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌కి అమ్మేసింది. సంతకాలయ్యాక ముంబై నుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన కాన్ఫరెన్స్ రూమ్ దాటి బయటికి రాలేదు, ఎక్సెల్ షీట్లే ఆయన లోకం. రెండో మనిషి ఒకావిడ. సేఫ్టీ షూస్ వేసుకుని మూడు రోజులు రియాక్టర్ల మధ్యే తిరిగింది. నైట్ షిఫ్ట్‌లో కూడా వచ్చింది. "ఈ డ్రైయర్ రాత్రిపూట ఎందుకు ఖాళీగా ఉంటోంది?" అని అడిగింది. అన్నయ్య మూడేళ్ళుగా యాజమాన్యానికి మొత్తుకుంటున్నది ఆ మాటే. ఆరా తీస్తే, ఆవిడా ఒకప్పుడు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసిన మనిషేనట.

"ఆవిడ చేస్తున్న ఉద్యోగం నాక్కావాల్రా" అన్నాడు అన్నయ్య.

వంటింట్లోంచి మా పెద్దమ్మ వచ్చి అంతా విని ఒకటే మాట అంది. "అంటే ఏంట్రా, పాత ఇల్లు కొని, కారేచోట్ల మరమ్మతు చేయించి, సున్నం వేయించి, ఎక్కువ రేటుకి అమ్మేవాళ్ళు ఉంటారే, వాళ్ళ దగ్గర మేస్త్రీ ఉద్యోగమా?"

ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

ఈ మేస్త్రీలు ఎందుకు కావాలి?

ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ అంటే పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, బాగా డబ్బున్న కుటుంబాల దగ్గర సొమ్ము పోగుచేసి, దాంతో కంపెనీలు కొని, కొన్నేళ్ళ తర్వాత అమ్మేసే సంస్థ. ఫండ్ ఆయుష్షు సాధారణంగా పదేళ్ళు. ఒక్కో కంపెనీని నాలుగు నుంచి ఆరేళ్ళు ఉంచుకుంటారు. అమ్మినప్పుడు వచ్చిన లాభంలో ఫండ్ నడిపేవాళ్ళ వాటా ఉంటుంది. దాన్నే క్యారీ అంటారు, మామూలుగా అది 20 శాతం.

ఒకప్పుడు అమెరికాలో ఈ ఆటంతా అప్పు మీద నడిచింది. తక్కువ సొంత డబ్బు, ఎక్కువ అప్పు పెట్టి కంపెనీని కొనడం, ఆ కంపెనీ సంపాదనతోనే అప్పు తీర్చడం. 1980ల చివర్లో కేకేఆర్ సంస్థ ఆర్‌జేఆర్ నబిస్కోని కొన్నది అలాగే. పోటీ పెరిగి, కొనే రేట్లు పెరిగేసరికి ఆ ఒక్క కిటుకూ చాలలేదు. కొన్న కంపెనీని నిజంగా బాగుచేసేవాళ్ళు అవసరమయ్యారు. 2000లో కేకేఆర్ అందుకోసమే క్యాప్‌స్టోన్ పేరుతో ప్రత్యేక బృందం పెట్టుకుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో 2001లో రిటైరైన జాక్ వెల్చ్ అంతటివాడు క్లేటన్, డ్యూబిలియర్ అండ్ రైస్ అనే ఫండ్‌లో సలహాదారుగా చేరాడు.

మన దేశంలో ఈ అవసరం ఇంకాస్త ఎక్కువ. కంపెనీల షేర్లు కొనడానికి బ్యాంకులు అప్పివ్వడం మీద ఇక్కడ చాలాకాలం గట్టి ఆంక్షలున్నాయి. అప్పుతో లాభం చూపించే దారి ఇరుకైనప్పుడు మిగిలింది రెండే: అమ్మకాలు పెంచడం, పని తీరు బాగుచేయడం. ఆ రెండూ తెలిసినవాళ్ళు బ్యాంకుల్లో కంటే ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనే ఎక్కువ దొరుకుతారు.

ఇదంతా ఎక్కడో ముంబైలో జరిగే వ్యవహారం అనుకోకండి. 1997లో హైదరాబాద్‌లో గుండె వైద్యులు మొదలుపెట్టిన కేర్ హాస్పిటల్స్‌నే చూడండి. 2012లో అడ్వెంట్ సంస్థ పెట్టుబడి పెట్టింది. 2016లో అబ్రాజ్ చేతికి వచ్చింది. అబ్రాజ్ 2018లో కుప్పకూలాక టీపీజీకి చెందిన ఎవర్‌కేర్ కిందికి వెళ్ళింది. 2023లో బ్లాక్‌స్టోన్ కొన్నది. పదకొండేళ్ళలో నాలుగు చేతులు! సువెన్ ఫార్మాలో మెజారిటీ వాటా 2023లో అడ్వెంట్‌కి వెళ్ళింది. మా సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎంఫసిస్‌ని 2016లో బ్లాక్‌స్టోన్, హెక్సావేర్‌ని 2021లో కార్లైల్ కొన్నాయి. ప్రతి చేతి మార్పు వెనకా కొత్త లెక్కలు, కొత్త టార్గెట్లు, వాటిని నడిపించే మనుషులు ఉంటారు.

మూడు గుమ్మాలు

ఈ రంగంలోకి పరిశ్రమ నుంచి వెళ్ళేవాళ్ళకి మూడు గుమ్మాలున్నాయని మాకు మెల్లగా అర్థమైంది.

మొదటిది ఫండ్ సొంత ఆపరేషన్స్ బృందం. జీతం ఫండే ఇస్తుంది. ఒకేసారి మూడు నాలుగు కంపెనీలు చూడాలి. ఉద్యోగాలు చాలా తక్కువ. మధ్య స్థాయిలో ఎక్కువగా కన్సల్టింగ్ సంస్థల నుంచి వచ్చినవాళ్ళని తీసుకుంటారు. పైన, ఆపరేటింగ్ పార్ట్‌నర్ స్థాయిలో, సీఈఓగానో సీఓఓగానో చేసి తల నెరిసినవాళ్ళు ఉంటారు. మధ్యలో ఉన్న మా అన్నయ్య లాంటి 36 ఏళ్ళవాడికి ఇదే ఇరుకైన గుమ్మం.

రెండోది ఫండ్ కొన్న కంపెనీలోనే ఉద్యోగం. ప్లాంట్ హెడ్, సప్లై చెయిన్ హెడ్, ట్రాన్స్‌ఫర్మేషన్ హెడ్, సీఓఓ, ఇలా. ఉద్యోగాలు ఎక్కువ ఉండేది ఇక్కడే. ఫండ్ వాళ్ళు నెలనెలా మీ పని కళ్ళారా చూస్తారు. ఒక కంపెనీని కొన్న దగ్గర్నుంచి అమ్మేదాకా లోపల ఉండి చూసినవాడికి తర్వాత మొదటి గుమ్మం తెరుచుకోవడం తేలిక.

మూడోది కన్సల్టింగ్ సంస్థల్లో ఆపరేషన్స్ విభాగం. రెండు మూడేళ్ళు అక్కడ చేసి ఫండ్ వైపు రావడం. ఇది చిన్న వయసులో ఉన్నవాళ్ళకి బాగా నప్పుతుంది.

అన్నయ్య మాత్రం నేరుగా మొదటి గుమ్మమే కొట్టాడు. ముంబైలో వేరే ఫండ్ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది.

6 కోట్లా, 60 కోట్లా?

ఆ ఇంటర్వ్యూలో "మీరు సాధించిన పెద్ద పని ఏంటి?" అని అడిగారట. అన్నయ్య ఉత్సాహంగా సాల్వెంట్ రికవరీ గురించి చెప్పాడు. టోలీన్ రికవరీ ఎంత శాతం నుంచి ఎంతకి పెరిగింది, కండెన్సర్ ఎలా మార్చారు, వాక్యూమ్ ఎలా సరిచేశారు, పావుగంట చెప్పాడు. అవతలి మనిషి మర్యాదగా విని, "దీనివల్ల కంపెనీ విలువ ఎంత పెరిగింది?" అన్నాడు. అన్నయ్య దగ్గర జవాబు లేదు. వారం తర్వాత 'సారీ' మెయిల్ వచ్చింది.

ఆ రాత్రి మా ఇంటి మేడ మీద కూర్చుని లెక్క వేశాం. రికవరీ వల్ల ఏడాదికి మిగిలింది సుమారు 6 కోట్లు. ఇలాంటి కంపెనీలకి రేటు కట్టేటప్పుడు చూసే లెక్క ఎబిటా. అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు వచ్చే లాభం. దానికి ఇన్ని రెట్లు అని ధర నిర్ణయిస్తారు. ఉదాహరణకి 10 రెట్లు అనుకుందాం. ఏటా నిలకడగా 6 కోట్లు ఎక్కువ మిగిలితే, అమ్మే రోజున ఆ కంపెనీ ధరలో 60 కోట్లు పెరుగుతాయి.

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "ఆ ఏడాది నాకు ఇచ్చిన ఇంక్రిమెంట్ 8 శాతంరా" అన్నాడు చివరికి.

నవ్వొచ్చింది, బాధా వేసింది. కానీ అసలు పాఠం అదే. మనం పని భాషలో మాట్లాడతాం. వాళ్ళు డబ్బు భాషలో వింటారు. ఆ రెండింటి మధ్య తర్జుమా చేయగలవాడే వాళ్ళకి కావలసిన మనిషి.

ఇంకో లెక్క కూడా నేర్చుకున్నాం. ఏడాదికి 365 కోట్లు అమ్మే కంపెనీ ఉందనుకోండి. అంటే రోజుకి కోటి. కస్టమర్ల దగ్గర్నుంచి డబ్బు 90 రోజులకి వస్తోంది. దాన్ని 75 రోజులకి తేగలిగితే 15 కోట్లు చేతికొస్తాయి. ఒక్క ట్యాబ్లెట్ ఎక్కువ అమ్మకుండా, ఒక్క మనిషిని తీసేయకుండా! గోడౌన్‌లో సరుకు ఎన్ని రోజులుంటోంది, సరఫరాదారులకి ఎన్ని రోజుల్లో ఇస్తున్నాం అనేవి కూడా ఇదే బాపతు. వర్కింగ్ క్యాపిటల్ అనే పెద్ద మాట వెనకున్నది మన కిరాణా కొట్టు శెట్టిగారి ఖాతా పుస్తకమే.

రెజ్యూమె తిరగరాశాం

పాత రెజ్యూమెలో ప్రతి వాక్యం 'ఫలానా పనికి బాధ్యుడు' అని ముగిసేది. బాధ్యత మీకు కంపెనీ ఇచ్చింది. దాంతో మీరేం చేశారు? అదీ చెప్పాల్సింది. అన్నయ్య చేసిన పనులు తొమ్మిది తీసి, ఒక్కోదానికీ నాలుగు ముక్కలు రాశాం: ముందు ఎలా ఉంది, ఏం మార్చాడు, ఎన్నాళ్ళు పట్టింది, ఏడాదికి ఎన్ని రూపాయలు. రూపాయల్లో చెప్పలేని మూడింటిని తీసేశాం. మిగిలిన ఆరే మొదటి పేజీ. కస్టమర్ల పేర్లు, కంపెనీ రహస్యాలు ఏవీ రాయలేదు. అవి బయటపెట్టేవాణ్ణి ఏ ఫండూ నమ్మదు.

చదువుకోవడానికి కోర్సులకి లక్షలు పోయలేదు. ఫండ్లు పెట్టుబడి పెట్టిన కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చే ముందు సెబీకి ఇచ్చే ముసాయిదా ప్రాస్పెక్టస్ ఉంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఉచితం. వ్యాపారం ఎలా నడుస్తుంది, రిస్కులేంటి, ఎవరికెంత వాటా, ఏ ఖర్చు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. 2020లో మార్కెట్ నుంచి తప్పుకుని 2025 ఫిబ్రవరిలో మళ్ళీ లిస్టయిన హెక్సావేర్‌ది నేను చదివాను. కిమ్స్ ఆస్పత్రిది అన్నయ్య చదివాడు. 2018లో జనరల్ అట్లాంటిక్ పెట్టుబడి పెట్టిన కిమ్స్ 2021లో మార్కెట్‌కి వచ్చింది. రెండు నెలలు ఆదివారాలు ఇదే పని. మా వదిన "మీ ఇద్దరికీ ఐపీఓ పిచ్చి పట్టింది" అని కాఫీ ఇచ్చి వెళ్ళిపోయేది.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం సొంత ఫ్యాక్టరీయే. ఆ సేఫ్టీ షూస్ ఆవిడ దగ్గరికే వెళ్ళి అన్నయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు, మీలాంటి పని చేయాలనుందని. ఆవిడ నవ్వి, "ముందు ఇక్కడ చేసి చూపించండి" అని మొదటి 100 రోజుల ప్రణాళికలో ఖర్చుల విభాగం ఆయనకి అప్పగించింది.

ఆ 40 మంది

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి ఇదంతా లెక్కల వ్యవహారంలా కనిపించొచ్చు. కాదు.

ఆ ప్రణాళికలో ఒక గడి ఉంది. 'డ్రైయింగ్, ప్యాకింగ్ విభాగంలో కాంట్రాక్ట్ సిబ్బంది: 40 తగ్గింపు.' ముంబైలో కూర్చున్నవాళ్ళకి అది అంకె. అన్నయ్యకి ఆ 40లో శ్రీకాకుళం నుంచి వచ్చిన అన్నదమ్ములున్నారు, ఒడిశా కుర్రాళ్ళున్నారు, తను ట్రైనీగా ఉన్నప్పుడు సెంట్రిఫ్యూజ్ దించడం నేర్పిన పెద్దాయన ఉన్నాడు.

మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు లెక్కలు తీశాడు. 40 మందినీ తీసేస్తే ఓవర్‌టైమ్ ఎంత పెరుగుతుంది, డ్రైయర్ రాత్రిపూట మళ్ళీ ఎలా ఖాళీ అవుతుంది, ఎన్ని బ్యాచ్‌లు ఆలస్యమవుతాయి, అన్నీ రూపాయల్లో. వాళ్ళ భాషలోనే. కొత్తగా మొదలవుతున్న లైన్‌కి ఎలాగూ మనుషులు కావాలి కాబట్టి 22 మందిని అటు మార్చొచ్చని చూపించాడు. ఒప్పుకున్నారు.

మిగిలిన 18 మందికి చెప్పాల్సింది మాత్రం తనే. హెచ్‌ఆర్‌కి వదిలేయకుండా ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాడు. పెద్దాయన ఆ 18లో ఉన్నాడు. "నువ్వు చెప్పావు, అది చాల్లే బాబూ" అని వెళ్ళిపోయాడట.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో "మనుషుల్ని తగ్గించాల్సి వస్తే చేయగలరా?" అని అడిగితే, అన్నయ్య ఇదే చెప్పాడు, 22 గురించీ 18 గురించీ. గొప్పలు పోలేదు, ఏడుపుగొట్టుగానూ చెప్పలేదు. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే తమని తాము అడగాల్సిన ప్రశ్న ఇది. గడిలో అంకెకి జవాబు చెప్పాల్సిన రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు మీరు ఏ వైపు కూర్చున్నా, అవతలి వైపు కనిపించాలి.

చేరేముందు అడగాల్సినవి

జీతం ఎవరిస్తారు, ఫండా, కంపెనీయా? కొన్ని చోట్ల ఆపరేటింగ్ పార్ట్‌నర్ అనే పెద్ద పేరుంటుంది కానీ ఒప్పందం సలహాదారుగానే. కంపెనీ అమ్మేస్తే మీ పనీ అంతటితో సరి.

ఆ కంపెనీని కొని ఎన్నేళ్ళయింది? మొదటి ఏడాదిలో చేరడం వేరు, అమ్మకానికి ముస్తాబు చేస్తున్నప్పుడు చేరడం వేరు. స్టాక్ ఆప్షన్లు ఇస్తామంటే ఎప్పుడు చేతికొస్తాయి, కంపెనీ అనుకున్న రేటుకి అమ్ముడుపోకపోతే ఏమవుతాయి? కాగితం మీద కోటి రూపాయలు బ్యాంకులో ఈఎంఐ కట్టవు.

సీఈఓకి మీ రాక ఇష్టమేనా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఫండ్ పంపిన మనిషంటే ఫ్యాక్టరీలో అందరూ గూఢచారిని చూసినట్టు చూస్తారు. మీకు సలహా చెప్పే హక్కే ఉందా, నిర్ణయం తీసుకునే అధికారం కూడా ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి. అధికారం లేకుండా ఫలితం మాత్రం అడిగే ఉద్యోగం అల్లుడు లేని ఇంట్లో అల్లుడి మర్యాదలు చూసుకునే పని లాంటిది.

మరి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి?

అన్నయ్యకి సాయం చేస్తూ నా వైపు కూడా చూసుకున్నా. ఏదైనా కంపెనీ కొనేముందు దాని సాఫ్ట్‌వేర్ ఎంత పాతది, డేటా ఎంత భద్రం, క్లౌడ్ బిల్లులో ఎంత వృథా పోతోంది అని పరీక్షించేవాళ్ళు కావాలి. కొన్నాక రెండు కంపెనీల ఈఆర్‌పీలు కలిపేవాళ్ళు కావాలి. ఇవన్నీ మనకి తెలిసిన పనులే. కానీ నేను పోయినేడాది క్లౌడ్ ఖర్చు తగ్గించాను కదా, రూపాయల్లో ఎంత అని నన్ను నేను అడిగితే చెప్పలేకపోయాను. మేనేజర్ని అడిగాను. ఆయనకీ తెలియదు. వారం రోజులు బిల్లులు వెతికి అంకె పట్టుకున్నాను. ఉద్యోగం మారినా మారకపోయినా, ఆ అంకె తెలిసిన దగ్గర్నుంచి నా పని నాకే కొత్తగా కనిపిస్తోంది. మీరూ ఈ వారం ఆ ఒక్క అంకె వెతికి చూడండి.

చివరికి ఏమైంది?

11 నెలలు, మూడు 'సారీ'లు. ఒక ఫండ్ ఆఖరి రౌండ్ దాకా తీసుకెళ్ళి, "ఒకే కంపెనీలో చేశారు, ఇంకో చోట కూడా ఇదే చేయగలరని ఎలా నమ్మాలి?" అంది. అన్యాయమైన ప్రశ్నేం కాదు. దానికి జవాబుగానే అన్నయ్య రెండో గుమ్మం తట్టాడు. వైజాగ్ దగ్గర, వేరే ఫండ్ చేతిలో ఉన్న ఒక కంపెనీలో ట్రాన్స్‌ఫర్మేషన్ హెడ్‌గా పోయిన నెల చేరాడు. పిల్లల చదువు కోసం వదిన ఈ ఏడాది హైదరాబాద్‌లోనే ఉంటోంది. శుక్రవారం రాత్రి రైలెక్కడం, ఆదివారం రాత్రి తిరిగి రైలెక్కడం. ఇది కూడా లెక్కలో రాసుకోవాల్సిన ఖర్చే. దీన్ని ఎన్ని రెట్లు వేయాలో మాత్రం ఏ ఎక్సెల్ చెప్పదు.

మొన్న ఫోన్ చేసి, "ఇక్కడ డ్రైయింగ్ సెక్షన్‌కి అనుభవమున్న మనుషులు కావాల్రా" అన్నాడు. ఆ 18 మంది ఫోన్ నంబర్లు డైరీలో దాచుకున్నాడట. ఇప్పటికి ఇద్దరు వచ్చారు. పెద్దాయన మాత్రం ఊళ్ళో మనవళ్ళతో హాయిగా ఉన్నానని, రానని చెప్పాడట.

పెద్దమ్మకి ఈ సంగతి చెబితే, "పోన్లే, మేస్త్రీ మంచివాడైతే ఇంటికీ మంచిదే" అంది.

వచ్చే వారం ఇంకో కబురుతో కలుద్దాం.